సుత్తి పడే ముందు: బ్రిటిష్ పాతకార్ల వేలంపై పాఠకుల ప్రశ్నలు

ఇంగ్లండులో జరిగే పాతకార్ల వేలాల గురించి సందేహాలుంటే రాయవలసిందిగా గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో అడిగిన విషయాలు వేరైనా చాలావాటి అడుగున ఉన్న ప్రశ్న ఒక్కటే: పాత ఇనుముకు ఇంత ధర దేనికి? ఆ ప్రశ్నకు దారితీసే ఐదు ఉత్తరాలను ఎంచుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

వేలం కేటలాగులలో 'వెటరన్', 'వింటేజ్', 'క్లాసిక్' అనే మాటలు కనిపిస్తున్నాయి. ఇవన్నీ పాతకారుకు మారుపేర్లేనా, లేక వీటి మధ్య నిర్దిష్టమైన తేడా ఉన్నదా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

తేడా ఉన్నది. బ్రిటన్‌లో ఈ మాటలను కచ్చితంగా వాడేవారు కారు వయసును కాక, అది తయారైన కాలాన్ని చూస్తారు. 1904 ముగిసేలోగా తయారైన కారు వెటరన్, 1905 నుంచి 1918 వరకు తయారైనది ఎడ్వర్డియన్, 1919 నుంచి 1930 చివరి వరకు తయారైనది వింటేజ్. 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ ఈ 1930 హద్దును ఇప్పటికీ పాటిస్తున్నది. క్లాసిక్ అనే మాటకు మాత్రం ఇటువంటి గీత లేదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వచ్చి, అభిమానులు కాపాడుకుంటూ వస్తున్న కార్లకు ఆ పేరు స్థిరపడింది.

ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు, ధరను నిర్ణయించే సంగతి. కారుకు ముందు ఒక మనిషి నడవాలన్న నిబంధనను తొలగించి, వేగ పరిమితిని గంటకు 14 మైళ్ళకు పెంచిన చట్టం బ్రిటన్‌లో అమలులోకి వచ్చిన సందర్భంగా, 1896 నవంబరు 14న కొందరు మోటారు వాహనాలలో లండన్ నుంచి బ్రైటన్‌కు ప్రయాణం చేశారు. దాని జ్ఞాపకార్థం ఏటా నవంబరులో జరిగే యాత్రలో 1905కు ముందు తయారైన వాహనాలకే ప్రవేశం ఉంటుంది. ఆ కారణంగా 1904లో తయారైనట్టు రుజువున్న కారుకూ, అదే కంపెనీ మరుసటి సంవత్సరం దాదాపు అదే రూపంలో తయారుచేసిన కారుకూ వేలంలో పలికే ధరలు చాలా దూరంగా ఉంటాయి. తయారైన సంవత్సరాన్ని పరిశీలించి ధ్రువపత్రం ఇచ్చే పనిని 1930లో ఏర్పడిన వెటరన్ కార్ క్లబ్ చేస్తున్నది. మీరు కేటలాగు చదివేటప్పుడు కారు పేరు పక్కన ఉన్న సంవత్సరాన్ని చూసి ఊరుకోక, ఆ సంవత్సరం ఏ ఆధారంతో వేశారో వెతకండి. 'సుమారు' అనే మాట ఆ సంవత్సరం పక్కన ఉంటే అక్కడే ఆగి ఆలోచించండి.

మేము తొమ్మిదేళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాము. మా వారికి ఎం.జి.బి. ఓపెన్ కారు మీద మక్కువ. వచ్చే నెల ఒక వేలంలో 1972 నాటి కారు వస్తున్నది. కేటలాగులో అంచనా 8,000 నుంచి 10,000 పౌండ్లు అని ఉన్నది. నడిపి చూడటానికి వీలుండదట. ఏమి చూసి పాడాలి? మొత్తం ఖర్చు ఎంత అవుతుంది?
— ఒక పాఠకురాలు, లెస్టర్

మొదటిసారి పాడేవారికి ఎం.జి. సంస్థ స్పోర్ట్స్ కారైన ఎం.జి.బి. మంచి ఎంపికే. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో అయిదు లక్షలకు పైగా తయారైంది. దీని 1798 సి.సి. ఇంజిన్‌ను ఏ పాతకాలపు మెకానిక్ అయినా విప్పి బిగించగలడు. దొరకని విడిభాగం దాదాపు లేదు. 1988 నుంచి పూర్తి బాడీ షెల్లును కూడా పాత అచ్చులతోనే మళ్ళీ తయారుచేసి అమ్ముతున్నారు. మీరు చూస్తున్న 1972 నాటి కారుకు క్రోమియం బంపర్లు ఉంటాయి. అమెరికా నిబంధనల కోసం 1974లో నల్ల రబ్బరు బంపర్లు పెట్టి కారు ఎత్తును పెంచారు గనుక, అంతకు ముందటి కార్లకే గిరాకీ ఎక్కువ.

ఈ కారులో భయపడవలసింది ఇంజిన్‌కు కాదు, తుప్పుకు. దీనికి విడిగా చాసీ ఫ్రేమ్ లేదు, బాడీ రేకులే బరువు మోస్తాయి. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం వరకు పెట్టెలాగా సాగే భాగాన్ని సిల్ అంటారు. పైకప్పు లేని కారులో ఆ సిల్లే వెన్నెముక. అది లోపల పొరలు పొరలుగా ఉండటం వల్ల, బయటి రేకు మెరుస్తున్నా లోపలి పొరలు పొడి రాలిపోయి ఉండవచ్చు. సిల్ బలహీనపడిన కారు నడుము దగ్గర కుంగుతుంది. అప్పుడు తలుపుకూ దాని వెనక రేకుకూ మధ్య ఉండే సందు పైన ఇరుకై, కింద వెడల్పవుతుంది. తలుపును నెమ్మదిగా తెరిచి, వదిలి, మళ్ళీ మూయండి. గడియ దగ్గర పట్టేస్తున్నదా, ఎత్తి మూయవలసి వస్తున్నదా గమనించండి. ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి, సిల్ అడుగున, ముందు మడ్‌గార్డుల వెనక అంచున, వెనక చక్రాల వంపుల దగ్గర ఆనించి చూడండి. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ దట్టించినచోట జారిపోతుంది. ఇవన్నీ కారును కదపకుండా, వేలానికి ముందు కార్లను చూపే వీక్షణ దినాన అరగంటలో చేయగల పరీక్షలు. ముందుగా అడిగితే వేలం సిబ్బంది ఇంజిన్‌ను స్టార్టు చేసి చూపడం చాలా చోట్ల ఆనవాయితీ. అది చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయమని కోరండి.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట, ఇంగ్లండులోని ఒక వేలంలో ముదురు ఆకుపచ్చ రంగు ఎం.జి.బి.ని పాడుకున్నాను. వర్షం పడుతున్నదని వంగి అడుగుభాగం చూడలేదు. ఆ రంగు, ఆ తోలు సీట్లు చూసి చెయ్యెత్తాను. ఇంటికి తెచ్చి జాకీ పెట్టి లేపితే, కారు లేవడానికి బదులు జాకీ సిల్‌లోకి దిగబడింది. పాత సిల్ మీద కొత్త రేకు తొడిగి, అతుకుల మీద పుట్టీ పెట్టి రంగు వేశారు. టింకరింగ్ పనికి పెట్టిన ఖర్చు కారు కొన్న ధరను మించింది. ఆ రోజు అయిదు నిమిషాలు తడవడానికి సిద్ధపడి ఉంటే ఆ డబ్బు మిగిలేది. అందుకే చూడడానికి వెళ్ళేటప్పుడు పాత బట్టలు, టార్చిలైటు తీసుకువెళ్ళండని పట్టుబట్టి చెబుతున్నాను.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని వాహనాలకు 2018 నుంచి ఎం.ఓ.టి. అనే వార్షిక తనిఖీ తప్పనిసరి కాదు. 'తనిఖీ మినహాయింపు' అని కేటలాగులో ఉంటే అది కారుకు దక్కిన గౌరవమని భావించకండి. ఎన్నేళ్లుగా ఏ పరీక్షకుడూ దాని బ్రేకులను చూడలేదన్న సమాచారంగా చదువుకోండి. పాత తనిఖీల చరిత్రను ప్రభుత్వ వెబ్‌సైటులో రిజిస్ట్రేషను నంబరు ఇచ్చి ఉచితంగా చూడవచ్చు. మైలేజీ అంకెలు ఏటికేడు సవ్యంగా పెరుగుతున్నాయా, 'తుప్పు' అనే మాట ఎన్నిసార్లు వచ్చింది అనే రెండు సంగతులు అక్కడే తెలుస్తాయి. వి5సి అనే రిజిస్ట్రేషను పత్రం వాహనం ఎవరి పేర నమోదై ఉన్నదో చెబుతుందే గాని, యాజమాన్యానికి రుజువు కాదని ఆ పత్రం మీదనే ముద్రించి ఉంటుంది. కాబట్టి కొనుగోలు రసీదులు ఉన్నాయేమో అడగండి.

ఖర్చు సంగతి. అంచనాలోని కింది అంకె అమ్మకందారు నిర్ణయించిన కనీస ధర కాదు, అయితే ఆ కనీస ధర, అంటే రిజర్వు, సాధారణంగా కింది అంకెను మించి ఉండదు. రిజర్వు చేరేవరకు అమ్మకందారు తరఫున వేలందారే పాటను పెంచే హక్కును చాలా సంస్థల నిబంధనలు ఇస్తాయి. కాబట్టి గదిలో పోటీ ఉన్నదనుకుని తొందరపడకండి. సుత్తి పడిన ధర, అంటే పాట ముగిసిన ధర మీద కొనుగోలుదారు ప్రీమియం అనే వేలం సంస్థ రుసుము, ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ పడతాయి. ప్రీమియం రేటు సంస్థను బట్టి మారుతుంది. ఉదాహరణకు 12.5 శాతం అనుకుందాం. 9,000 పౌండ్లకు సుత్తి పడితే ప్రీమియం 1,125, దాని మీద వ్యాట్ 225, మొత్తం 10,350 పౌండ్లు. కారును ఇంటికి చేర్చే ట్రక్కు బాడుగ, బీమా, మొదటి సర్వీసు దీనికి అదనం. అన్నీ కలిపి మీరు భరించగల మొత్తం నుంచి వెనక్కి లెక్క వేసి, పాడవలసిన చివరి అంకెను కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ప్రజలు స్వయంగా హాజరు కాగల వేలంలో కొన్న వాడిన వస్తువుకు, దుకాణంలో కొన్నదానికి ఉండే వినియోగదారు రక్షణలన్నీ బ్రిటిష్ చట్టంలో వర్తించవు. ఉన్న స్థితిలోనే తీసుకువెళ్ళాలి.

జాగ్వార్ ఇ-టైప్ కార్లు రెండు ఒకే రకంగా కనిపిస్తాయి. ఒకటి మరొకదానికి ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతుంది. 'మ్యాచింగ్ నంబర్స్' అనే మాటకు అంత విలువ ఎందుకు? ఇంజిన్ మార్చితే కారు మారిపోతుందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

మీ చివరి వాక్యం ఈ వ్యవహారమంతటికీ కేంద్రం. ముందు ఇ-టైప్ సంగతి. 1961 మార్చిలో జెనీవాలో ఆవిష్కరించిన ఈ కారు మొదట 3.8 లీటర్ల ఇంజిన్‌తో, 1964 నుంచి 4.2 లీటర్ల ఇంజిన్‌తో, 1971 నుంచి పన్నెండు సిలిండర్ల 5.3 లీటర్ల ఇంజిన్‌తో వచ్చింది. మొత్తం 72 వేలకు పైగా తయారయ్యాయి. మొదటి అయిదు వందల కార్లకు బానెట్ గడియలు బయట ఉండేవి. వాటిని తెరవడానికి ప్రత్యేకమైన తాళం కావాలి. నడిపేవారికి దానివల్ల ఏ సుఖమూ లేకపోయినా, తొలి కార్లకు గుర్తు గనుక సేకర్తలు దానికి ఎక్కువ ఇస్తారు. పైకప్పు తీసే వీలున్నదా, ఏ దేశపు మార్కెట్టుకు వెళ్ళింది అనే అంశాలు కూడా ధరను మారుస్తాయి.

మ్యాచింగ్ నంబర్స్ అంటే చాసీ, ఇంజిన్, గేర్ బాక్స్, బాడీల మీద ఉన్న నంబర్లు, కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన నాడు రికార్డు పుస్తకంలో రాసిన నంబర్లతో సరిపోవడం. జాగ్వార్ కార్లకు జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్టు, ఎం.జి., ఆస్టిన్, మోరిస్ వంటివాటికి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఈ రికార్డుల ఆధారంగా ధ్రువపత్రాలు ఇస్తాయి. అసలు రంగు, లోపలి తోలు రంగు, తయారైన తేదీ, మొదట ఏ డీలరుకు పంపారు వంటి వివరాలు అందులో ఉంటాయి. అయితే ధ్రువపత్రం ఫ్యాక్టరీ పుస్తకంలో ఉన్నదాన్ని మాత్రమే చెబుతుంది. మీ ముందున్న ఇనుము మీది అంకెలు అసలువో, తరువాత కొట్టించినవో అది చెప్పదు. ఆ పోలిక చూసే బాధ్యత కొనేవారిదే.

ఇంజిన్ మార్చితే కారు మారిపోతుందా అన్న ప్రశ్న ఒకసారి లండన్ హైకోర్టు వరకు వెళ్ళింది. 1929, 1930 సంవత్సరాలలో లె మాన్స్ 24 గంటల పందాన్ని గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్‌కు 'ఓల్డ్ నంబర్ వన్' అని పేరు. ఆ తరువాత దాని ఇంజిన్‌ను, బాడీని మార్చి పందాలలో నడిపారు. 1932లో ఇంగ్లండులోని బ్రూక్లాండ్స్ పందెపు ట్రాక్ మీద ఘోర ప్రమాదం జరిగి డ్రైవరు మరణించాడు. మళ్ళీ బాగుచేసి మరో బాడీ కట్టారు. దశాబ్దాల తరువాత కోటి పౌండ్ల ధరకు ఒప్పందం కుదిరినప్పుడు, ఇది అసలు కారే కాదంటూ కొనేవారు వెనక్కి తగ్గారు. 1990లో తీర్పు చెప్పిన న్యాయమూర్తి, పందెం గెలిచిన నాటి భాగాలు కొద్దిగానే మిగిలాయని ఒప్పుకుంటూనే, ఆ కారు ఉనికి ఎక్కడా తెగిపోకుండా కొనసాగింది గనుక దాన్ని ఓల్డ్ నంబర్ వన్‌గా అమ్మే హక్కు యజమానికి ఉన్నదని నిర్ణయించారు. ఆ తీర్పు నాకు సరైనదిగా తోస్తుంది. పందెపు కారు విరిగేందుకే, మళ్ళీ అతికేందుకే పుట్టింది. దాని చరిత్రలో మరమ్మతులు కూడా ఒక భాగం. ఇంట్లో వాడుకున్న ఇ-టైప్‌కు ఈ వాదన అంతగా పనికిరాదు. అక్కడ ఇంజిన్ ఎందుకు మారింది, ఎప్పుడు మారింది అని బిల్లులు చూపగలిగితే ధర కొంత తగ్గి ఆగుతుంది. చూపలేకపోతే అనుమానం మిగతా కారంతటికీ పాకుతుంది.

వేలంలో అత్యధిక ధరలు పలికిన బ్రిటిష్ కార్లను చూసినా ఇదే కనిపిస్తుంది. 1956 లె మాన్స్ గెలిచిన జాగ్వార్ డి-టైప్ 2016లో కాలిఫోర్నియాలోని మాంటెరే వేలంలో 2 కోట్ల 17 లక్షల 80 వేల డాలర్లకు, మరుసటి ఏడాది అక్కడే ఆస్టన్ మార్టిన్ డి.బి.ఆర్.1 మొదటి కారు 2 కోట్ల 25 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడయ్యాయి. డి-టైప్ రూపానికి అచ్చమైన నకళ్ళు మార్కెట్లో ఎన్నో ఉన్నాయి. కొన్ని అసలుదాని కంటే నున్నగా ఉంటాయి, వేగంగా కూడా పోతాయి. వాటికి ఆ ధరలో వందో వంతు కూడా రావడం కష్టం. తాను ఏ రోజు ఎక్కడ ఉన్నదో రుజువు చేయగల కారుకే ఆ అంకెలు వచ్చాయి.

ఇంగ్లండు వేలంలో కారు కొని హైదరాబాదుకు తెచ్చుకోవచ్చునా? నిజాం కాలపు కారు వంటిది ఒకటి ఉంటే బాగుండునని చిన్ననాటి కోరిక.
— వ్యాపారి, హైదరాబాదు

మీ కోరికకు మూలమైన కారు మీ ఊళ్ళోనే, చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించదలచి, 1911లో ఆయన మరణించిన తరువాత హైదరాబాదు చేరిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. దాని బాడీని లండన్‌లోని బార్కర్ సంస్థ కట్టింది. ఆ కాలంలో రోల్స్ రాయిస్ చాసీని, ఇంజిన్‌ను మాత్రమే ఇచ్చేది, బాడీని మరొకరు కట్టేవారు. అందువల్ల వేలంలో యుద్ధానికి ముందటి రోల్స్ రాయిస్ కనిపిస్తే, ఆ చాసీకి మొదట కట్టిన బాడీ అదేనా అని అడగాలి. పాత నాలుగు తలుపుల బాడీని తీసివేసి, ఆకర్షణీయమైన టూరర్ (ఓపెన్ కారు) బాడీని తరువాత కట్టిన కార్లు చాలా ఉన్నాయి.

తెచ్చుకోవడం గురించి నా సలహా ఒక్కటే. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ దిగుమతి విధానం, కస్టమ్స్ సుంకం రెండూ మారుతూ ఉంటాయి. వేలం తేదీ నాటికి మీరు ఎంచుకున్న కారు వయసుకు ఏ నిబంధన వర్తిస్తుందో కస్టమ్స్ బ్రోకరు దగ్గర రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే పాట పాడండి. సుంకం కారు ధరను మించినా ఆశ్చర్యపోకండి. రిజిస్ట్రేషను విషయంలో 2021 కేంద్ర నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. యాభై ఏళ్ళు దాటి, చాసీ, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని వాహనానికి 20,000 రూపాయల రుసుముతో పదేళ్ళకు 'వి.ఎ.' వరుసలో నంబరు ఇస్తారు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీ తిరుగుడుకు దాన్ని వాడరాదు. ఇంత ప్రయాస వద్దనుకుంటే, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన తొలినాటి అంబాసిడర్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మన రాష్ట్రాలలో ఇంకా దొరుకుతాయి. అవీ బ్రిటిష్ నమూనాలే.

మా నాన్నగారు ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి 1960ల చివర్లో వేల్స్‌కు వచ్చి డాక్టరుగా పనిచేశారు. వచ్చిన కొత్తలో కొన్న మోరిస్ మైనర్ ఇప్పటికీ గ్యారేజిలో ఉన్నది. నాన్నగారు పోయిన ఏడు కాలం చేశారు. దాన్ని వేలానికి పంపాలనుకుంటున్నాము. కొత్తగా రంగు వేయించి పంపితే ఎక్కువ వస్తుందా?
— ఒక పాఠకురాలు, కార్డిఫ్

దయచేసి రంగు వేయించకండి. మోరిస్ మైనర్ 1948 నుంచి 1971 వరకు పదహారు లక్షలకు పైగా తయారైంది, పది లక్షల మార్కు దాటిన మొదటి బ్రిటిష్ కారు అది. అరుదైన కారు కాదు గనుక, మీ కారుకు మిగతా మైనర్ల నుంచి ప్రత్యేకత తెచ్చేది మీ నాన్నగారి యాజమాన్యమే. అర్ధశతాబ్దం పాటు ఒకే కుటుంబంలో ఉన్నదన్న సంగతి కేటలాగులో మొదటి వాక్యంగా రావాలి. కొత్త రంగు కింద ఏముందో కొనేవారికి తెలియదు గనుక అనుమానిస్తారు. పాత రంగు మాసినా, దాని కింద ఉన్నది వారికి కనిపిస్తుంది. చాలా కాలం కదలకుండా ఉన్న కారు గనుక ఇంజిన్‌ను కూడా మీరు స్టార్టు చేయించకండి. ముందు చక్రాలను పట్టే ట్రనియన్లకు గ్రీజు అందకపోతే అవి విరిగి చక్రం కూలబడటం మైనర్లకు తెలిసిన జబ్బే, కాబట్టి కారును నడిపించకుండా ట్రక్కు మీదనే తరలించండి. ట్రావెలర్ రకమైతే వెనక ఉన్న కర్ర చట్రం అలంకారం కాదు, బరువు మోసే భాగం. దాని పరిస్థితిని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

అంతకంటే ముఖ్యమైన పని ఇంట్లో ఉన్నది. కొన్న రోజు రసీదు, పెట్రోలు బంకు సర్వీసు బిల్లులు, పాత ఎం.ఓ.టి. కాగితాలు, 2014లో రద్దయ్యేవరకు ఏటా అద్దానికి అంటించిన గుండ్రటి పన్ను బిళ్ళలు, డైరీలలో మైలేజీ రాసుకున్న పేజీలు, కారు పక్కన ఆయన నిలబడిన ఫోటోలు అన్నీ ఒక ఫైలులో తేదీల వరుసన పెట్టండి. అసలు ఫోటోలు మీ దగ్గర ఉంచుకుని నకళ్ళు ఇవ్వండి. రోగుల పేర్లు ఉన్న కాగితాలేమైనా కలిసి ఉంటే వాటిని వేరుచేయండి. విశాలమైన హాళ్ళలో కోట్ల విలువ చేసే కార్లు అమ్మే సంస్థకు కాక, ఈ తరగతి కార్లు నెలనెలా అమ్మే ప్రాంతీయ సంస్థకు పంపండి. ప్రవేశ రుసుము, అమ్మకందారు కమిషను, అమ్ముడుపోకపోతే తిరిగి తెచ్చుకునే ఖర్చు ఎవరిదో ముందే రాతపూర్వకంగా అడగండి. రిజర్వు మరీ ఎత్తుగా పెడితే మొదటి వేలంలోనే కారు మిగిలిపోయి, ఆ సంగతి ఇంటర్నెట్‌లో ఉండిపోతుంది గనుక తరువాతి వేలంలో ధర ఇంకా పడుతుంది.

ఆయన పేర ఉన్న రిజిస్ట్రేషనును మార్చడానికి స్వాన్సీలోని వాహన రిజిస్ట్రేషను సంస్థ డి.వి.ఎల్.ఎ.కు రాసేటప్పుడు పాత నంబరు ప్లేటును కారుతోనే ఉంచుతున్నట్టు స్పష్టం చేయండి. మొదటి నంబరుతో ఉన్న కారుకే ఆ ఫైలులోని కాగితాలు సరిపోతాయి. గ్యారేజి ఖాళీ చేసేటప్పుడు అటకల మీది డబ్బాలు కూడా ఒకసారి దించి చూడండి. ఆ కాలపు కార్లతో వచ్చే చిన్న పనిముట్ల సంచి, స్టార్టింగు హ్యాండిల్ చాలా ఇళ్ళలో అటువంటి చోట్లనే దొరుకుతుంటాయి.